ఎక్కడికి తీసుకెళ్తున్నారో చెప్పే పిల్ల

మా అమ్మాయి పోయిందని చెప్పడానికి ఖాకీ బట్టల్లో ఇద్దరు వచ్చారు. నేను అరుగు మీద కూర్చుని ఎండురొయ్యలు చెరుగుతున్నాను. వాళ్ళు టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని, మెట్టు ఎక్కకుండా నిలబడ్డారు. పోలీసులు అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళు నోరు విప్పకముందే నా చేతిలో చేట జారిపోయింది. దివిసీమలో డ్యూటీలో ఉండగానే జ్వరం వచ్చిందట, అది కామెర్లలోకి దిగిందట, బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయిందట. ఇద్దరిలో పెద్దాయన "అమ్మా... అమ్మా..." అన్నాడు.

నేను ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఆ పిల్ల ఎలాంటిదో నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

బందరు దగ్గర సముద్రపు ఒడ్డున మా పేట. పిల్లలు మారాం చేస్తే "అదిగో పోలీసు" అని బెదిరించే చోటు. అమ్మాయి చంటిదిగా ఉన్నప్పుడు వలల తగాదాలో వాళ్ళ నాన్నని పట్టుకెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. ఎక్కడికో చెప్పలేదు. పిల్లని చంకనేసుకుని బందరంతా తిరిగాను. గుడివాడ వెళ్ళాను. ఎక్కడికెళ్ళినా "ఇక్కడ లేడు పో" అన్నారు. చివరికి ఆయనే ఒకరోజు నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఆ మనిషి పోయేదాకా ఆ రోజుల సంగతి ఎత్తలేదు. నేనే పిల్లకి చెబుతూ ఉండేదాన్ని.

అది పోలీసులో చేరతానంటే నేను ఒప్పుకోలేదు.

"పట్టుకెళ్ళేవాళ్ళలో చేరతావటే?" అన్నాను.

"పట్టుకెళ్ళే హక్కు వాళ్ళకుందమ్మా. కానీ చెప్పి పట్టుకెళ్ళాలి. అదీ చట్టంలోనే ఉంది" అంది.

కరకట్ట మీద పరుగెత్తీ పరుగెత్తీ ఉద్యోగం తెచ్చుకుంది. ట్రైనింగు నుంచి వచ్చాక ఏది మాట్లాడినా రూల్సే. ఆడమనిషిని వెతకాలంటే ఆడమనిషే వెతకాలట, అదీ మర్యాదగా. పొద్దుగూకాక ఆడవాళ్ళని స్టేషనుకి తీసుకెళ్ళకూడదట. "ఇన్ని రూల్సు చెప్పే పిల్లని ఎవడు చేసుకుంటాడే?" అంటే, "చూపులకొచ్చేవాడు ముందు జేబులు చూపించాలి" అని నవ్వేది.

మద్యనిషేధం వచ్చిన రోజులు. దొంగచాటుగా సారా కాస్తున్నారని ఊరూరా సోదాలు జరిగేవి. ఆడ కానిస్టేబుళ్ళు తక్కువ కావడంతో మా పేటకి కూడా దాన్నే తీసుకొచ్చారు. పొద్దున్నే జీపు దిగారు. వరసగా ఇళ్ళు చూసుకుంటూ వస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉంటే పక్కింటి వదిన అందరికీ వినపడేలా అంది: "నీకేం వదినా! మా కుండలు కదుపుతారు గానీ నీ గడప తొక్కుతారా? కూతురు పోలీసాయె!"

ఆ మాట నిజమయ్యేట్టే ఉంది. మా ఇంటి ముందుకి రాగానే ఎస్సైగారు, "ఇది మన అమ్మాయి ఇల్లేగా, వదిలేయండి" అన్నారు. మేమంతా ఒక ఆటోలో గంపలేసుకుని బజారుకెళ్ళే ఆడవాళ్ళం. రేపు ఆ ఆటోలో నాకు చోటుంటుందా?

"ఇది కూడా చూడాలండీ" అంది మా అమ్మాయి. "చూడకపోతే మా అమ్మ ఈ వీధిలో తలెత్తుకోలేదండీ."

అని మెట్టు కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ప్రతి ఇంటి ముందూ అలాగే చేసిందట. పోలీసులే ఏదో తెచ్చి లోపల పెట్టి, దొరికిందన్నారని రేపు ఎవరూ అనకూడదుగా. అందుకని ఇంటివాళ్ళు ముందు తనని వెతికి చూసుకోవాలి.

"అమ్మా, చూసుకో. నా దగ్గర ఏమీ లేదనుకున్నాకే లోపలికొస్తాం."

చూశాను. బట్ట గట్టిగా ఉంది గానీ దాని కింద అన్నీ ఎముకలే తగిలాయి.

"ఏమే, తింటున్నావా లేదా?"

"డ్యూటీలో ఉన్నాను. అలాంటివి అడక్కూడదు."

జేబులో గుప్పెడు వేరుశనగకాయలు దొరికాయి. "ఇవి నేను తీసుకుంటున్నాను" అన్నాను.

"తీసుకుంటే రసీదివ్వాలి. రూలు."

"రసీదెందుకే, అన్నం పెడుతుందిలే మీ అమ్మ!" అంది వదిన. ఎస్సైగారు కూడా నవ్వారు. తర్వాత ఆయన పెరట్లో ఇసుకలో పాతిన కుండలు చూసి, సారా ఊటే అనుకుని ఒకదాని మూత తీసి, ముక్కు పట్టుకుని వెనక్కి దూకారు. అవి ఉప్పుచేపలు. "అది తాగేది కాదండీ, తినేది!" అని పేట పేటంతా ఒకటే గోల. మర్నాడు ఆటోలో వదిన తనే జరిగి నాకు చోటిచ్చింది.

దివిసీమలో ఉన్నప్పుడు ఎవర్నైనా అరెస్టు చేసి తెస్తే, డ్యూటీ దిగాక సైకిలేసుకుని వాళ్ళింటికి వెళ్ళేదట. "మీవాడు ఫలానా స్టేషన్లో ఉన్నాడు, ఫలానా కేసు, రేపు కోర్టుకి తెస్తారు" అని చెప్పి వచ్చేదట. "నీకు పోస్టాఫీసులో రావలసిన ఉద్యోగం ఇక్కడొచ్చింది" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళని నాతో చెప్పింది. దొంగ ఇంట్లో నీకేం పనే అంటే, "దొంగకీ అమ్మ ఉంటుంది కదమ్మా" అంది.

సెలవు దొరికితే మధ్యాహ్నం బస్సుకి వచ్చేది. బెల్టు విప్పి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చాప మీద పడి, నా కొంగు లాగి మొహం మీద కప్పుకునేది. "నీ దగ్గర చేపల కంపమ్మా" అంటూనే ఇంకా దగ్గరకి జరిగేది. ఇప్పుడు మధ్యాహ్నాలు గడవవు. కూర్చుంటే ఒడి ఖాళీగా ఉంటుందని నిలబడే పని చేసుకుంటున్నాను.

పెద్దకర్మ అయ్యాక ఒకావిడ వచ్చింది. నాకు తెలిసిన మనిషి కాదు. నాగాయలంక అవతలి ఊరట, రెండు బస్సులు మారిందట. ఆమె కొడుకుని ఒకసారి కొట్లాట కేసులో పట్టుకెళ్ళారు.

"ఎక్కడికెళ్ళాడో తెలియక పిచ్చెక్కి కూర్చున్నాను వదినా. నీ కూతురొచ్చి చెప్పింది. అన్నం తిన్నాడని కూడా చెప్పింది. పులుసు బాగోలేదని వంక పెట్టాడంట. ఆ మాట వినేసరికి, నా కొడుకు బతికే ఉన్నాడని నాకు నమ్మకం కుదిరింది."

నేను అప్పటిదాకా ఎవరినీ అడగని మాట ఆమెని అడిగాను. "మరి నా పిల్లనెక్కడికి తీసుకెళ్ళారో నాకెవరు చెప్తారు వదినా?"

ఆమె లేచి, గూట్లో దువ్వెన వెతికి తెచ్చి, నా వెనక కూర్చుని ముడి విప్పింది. పిల్ల పోయినప్పటి నుంచీ దువ్వని జుట్టు. ఆమె చిక్కులు తీస్తూ ఉంది. నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు.