గిఫ్ట్ కాని గుండీలు

మా మేనత్తకు ఒకటే జబ్బు. విదేశం నుంచి కొన్న వస్తువు పన్ను పడకుండా ఇల్లు చేరితే ఆమెకు ఆ పూట అన్నం సహించదు.

అత్తయ్య కోట్లు కుడుతుంది. వాటికి ముత్యపుచిప్ప గుండీలే కావాలని, సముద్రాల అవతలున్న ఒకాయన దగ్గర ఆన్‌లైన్‌లో కొంటుంది. ఆ పుణ్యాత్ముడు మొదటిసారే పన్ను పడకుండా పార్సిల్ మీద ‘గిఫ్ట్’ అని రాసి, ధర కూడా సగానికి సగం తగ్గించి చూపి పంపాడు. ఇంకొకరైతే చంకలు గుద్దుకునేవారు. అత్తయ్య దాన్ని విప్పకుండానే నా స్కూటరెక్కి, కస్టమ్స్ ఆఫీసుకు పదమంది.

“ఇది గిఫ్ట్ కాదండీ, కొనుక్కున్నాను.”

“వచ్చేసింది కదమ్మా, తీసుకెళ్ళండి,” అన్నాడు ఆఫీసరు.

“ఆ గుండీలాయన నాకేమవుతాడని గిఫ్టిస్తాడు? నా పెళ్ళికొచ్చాడా?”

పన్ను వేసేందుకు అక్కడ బోలెడుమంది ఉన్నారు గానీ, వేయమని వచ్చేవాళ్ళకు కౌంటరే లేదు. కట్టించుకునేదాకా అత్తయ్య బెంచీ మీంచి లేవలేదు.

ఆ తర్వాత ప్రతి పార్సిల్‌కీ ఇదే తంతు. ఆమె గుమ్మంలో కనబడగానే ఆఫీసరు టీకి లేచేవాడు. అత్తయ్య టీకొట్టు దాకా వెంటపడేది. “పోస్టు ఖర్చు కలపలేదు బాబూ, దానిమీదా పన్నుంటుంది,” అని మళ్ళీ లెక్క వేయించేది. బస్సులో టిక్కెట్టు అడక్కపోతే కిటికీలోంచి బయటికి చూసే వంశం మాది. అందులో ఈవిడ ఎలా పుట్టిందా అని నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. గుండీలాయనకు కూడా, అబద్ధాలు రాయొద్దని ఫోన్‌లో మెసేజ్‌లతో చీవాట్లు పెట్టేది. చీవాట్లు కాస్తా కష్టసుఖాల దాకా వచ్చాయి.

అత్తయ్య కొట్లో కాజాలు కుట్టే అమ్మాయికి చెవుడు. ఆమె చెవిమిషను పాడైపోయింది. పసిబిడ్డ రాత్రిళ్ళు ఏడిస్తే వినబడదని, పాప కాలికీ తన చేతికీ దారం కట్టుకుని పడుకునేది. ఆ సంగతి వినగానే గుండీలాయన కొత్త మిషనొకటి సొంత డబ్బుతో కొని పంపాడు. పార్సిల్ మీద అలవాటుగా ‘గిఫ్ట్’ అని రాశాడు.

ఇన్నాళ్ళూ వదిలేసిన కస్టమ్స్ వాళ్ళు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. ఇంత ఖరీదైనది గిఫ్టంటే ఎవరు నమ్ముతారు, పన్ను కట్టండన్నారు. ఆ పన్నే ఆ అమ్మాయి తాహతుకు మించినది. పోనీ నేను కడతానన్నాను. “గిఫ్ట్‌కి పన్ను లేదురా. లేని పన్ను ఎందుకు కడతావు?” అంటూ అత్తయ్య స్కూటరెక్కింది.

ఆమెను చూసి ఆఫీసరు టీకి లేచాడు.

“కూర్చోండి. ఇది నిజంగా గిఫ్టే,” అంది అత్తయ్య.

“అందరూ అలాగే అంటారమ్మా.”

“నేనెప్పుడైనా అన్నానా?”

గదిలో వాళ్ళంతా తలలెత్తారు. ఆఫీసరు మళ్ళీ కుర్చీలో కూర్చుని, “పైవాళ్ళకు నేను చెప్పుకుంటాన్లెండి,” అంటూ పార్సిల్ ఆమె చేతిలో పెట్టాడు. మేమంతా చాదస్తమని నవ్విన ఆ మాటకు అక్కడంత విలువుందని నాకు అప్పుడే తెలిసింది. పాప కాలి దారం ఇక విప్పేయొచ్చు.

“ఇంతకీ ఆ గుండీలాయన మీకేమవుతాడమ్మా?” అన్నాడు ఆఫీసరు సంతకం పెట్టిస్తూ.

“ఇవాళ్టి నుంచి తమ్ముడవుతాడు,” అని అత్తయ్య పార్సిల్‌లోకి తొంగి చూసింది. చెవిమిషను కింద ఓ చిన్న సంచి ఉంది. దాన్ని తీసి బల్లమీద పెట్టింది.

“ఈ గుండీలు మాత్రం గిఫ్ట్ కాదండీ, కొనుక్కున్నాను.”

ఈసారి ఆఫీసరు టీకి లేవలేదు. ముగ్గురికీ అక్కడికే తెప్పించాడు.