విత్తనాల బుర్రతో నేర్చిన ఈత

పోయిన వారం మా తమ్ముడు మా పుట్టినూరు వెల్లిచందై నుంచి మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాసిన ఒక సందేశం పంపించాడు. అరవంలో ఉంది, ఎందుకంటే మా వాళ్ళలో తెలుగు మాట్లాడని వారు లేరు గానీ తెలుగు చదవగలిగిన వారు ఇప్పుడు ముగ్గురో నలుగురో, అందులో నేనొకతెను, అదీ మా తాత చలవే. మన కాలపు పిల్లలు చింతచెట్ల చిటారు కొమ్మలెక్కారు, చెరుకు బండ్ల వెనుక వేలాడారు, గోడ లేని బావుల్లో దూకారు, అయినా ఎవరికీ ఏమీ కాలేదు, ఇప్పటి పిల్లలకు అడుగు తీసి అడుగు వేయాలంటే భయం, అని దాని సారాంశం. కింద వరసగా దండాలు, చప్పట్లు. ధర్మపురిలో మా ఇంటి వరండాలో కూర్చుని, బెంగుళూరు బస్సుల హారన్ల మధ్య అది చదువుకుంటే నాకూ మొదట ముచ్చటగానే అనిపించింది, తర్వాత కొంచెం కోపమూ వచ్చింది. ఇది రాసినవాడు తప్పకుండా మగవాడే అయి ఉంటాడనుకున్నాను.

ముచ్చట ఎందుకంటే అందులో చాలా భాగం నిజమే కాబట్టి. మా చిన్నాయన సేలం వైపు నుంచి వరిగడ్డి తెచ్చేటప్పుడు పిల్లలమంతా లారీ గడ్డి మీద వెల్లకిలా పడుకుని తొప్పూరు ఘాట్ ఎక్కేవాళ్ళం, మలుపు మలుపుకూ గడ్డితో పాటు మేమూ ఒక పక్కకు ఒరిగేవాళ్ళం, ఏ కొమ్మో మొహానికి తగులుతుందని ముందు కూర్చున్నవాడు కేక వేస్తే అందరమూ కళ్ళు మూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ దారిలో కారులో బెల్టు పెట్టుకుని పోతూ కూడా తలుపు పిడిని గట్టిగా పట్టుకుంటాను. ఇంటికి వచ్చాక జుట్టులోంచి గడ్డిపోచలు ఏరుతూ మా అమ్మ తిట్టిన తిట్లు మాత్రం ఇప్పటికీ తియ్యగానే వినిపిస్తాయి.

కోపం ఎందుకంటే ఎవరికీ ఏమీ కాలేదన్న మాట దగ్గర. మా ఇంట్లో అయింది.

మా నాయనకు ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చిన్నత్తను నేను చూడలేదు. పెళ్ళయి అత్తగారింటికి పోయిన కొత్తలోనే తెల్లవారుజామున నీళ్ళకని వాళ్ళ బావిలోకి దిగి, పాచి పట్టిన మెట్టు మీద జారి పడిపోయిందట. మా వైపు బావులు మీలో చాలామంది చూసే ఉంటారు, నాలుగు పలకలుగా ఇల్లంత వెడల్పున తవ్వి, చుట్టూ గోడ అన్నది లేకుండా, లోపలి రాతికట్టులోంచి పొడుచుకు వచ్చిన బండలే మెట్లుగా ఉంటాయి. ఆమెకు ఈత రాదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చిన మా పెద్దత్త, తానున్నంతకాలం ఈ ఇంటి ఆడపిల్ల ఈత రాకుండా మెట్టినింటికి పోకూడదని పట్టుపట్టింది. అందుకని మా ఇంట్లో ఆడపిల్లలకు చెవులు కుట్టించడం ఎట్లాగో ఈత నేర్పించడమూ అట్లాగే అయిపోయింది. కాకపోతే దీనికి గడువు ఉండేది. పిల్ల పెద్దమనిషి అయిన తర్వాత నలుగురు మగవాళ్ళు తిరిగే పొలం బావిలో దిగి తడవడం కుదరదు, కాబట్టి ఆలోపే నేర్చుకోవాలి, లేకపోతే ఇక లేదు.

అందరిలోకి పిరికిదాన్ని నేనే. నాకంటే చిన్నపిల్లలు కప్పల్లా దూకుతూ ఉంటే నేను ఆఖరి మెట్టు బండను రెండు చేతులా పట్టుకుని మెడ దాకా నీళ్ళలో వణుకుతూ నిలబడేదాన్ని. పైగా మా అమ్మది మెట్టపొలాల ఊరు, ఆమెకు ఈత తెలియదు, నీళ్ళంటే నాకంటే ఎక్కువ భయం. గట్టు మీద నిలబడి, "వద్దంటా ఉంటే వదిలెయ్యండి వదినా, ఈత రానోళ్ళు బతకడం లేదా?" అని బతిమాలేది. మా అత్త నీళ్ళలోంచే తల పైకెత్తి, "బతకని దాన్ని ఒకదాన్ని చూసినాను కదమ్మా" అనేది. ఇద్దరూ నా ప్రాణం కోసమే కొట్లాడుకుంటున్నారని ఇప్పుడు తెలుస్తుంది గానీ అప్పుడు ఇద్దరి మీదా ఏడుపు వచ్చేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా పెద్దనాయన కూతురు పెద్దమనిషి అయింది. నాకంటే కొంచెమే పెద్దది. నిన్నటిదాకా గట్టు మీది నుంచి మునగదీసుకుని దూకిన పిల్ల, మరునాటి నుంచి పసుపు మొహంతో కొట్టంలో కూర్చుని మేము బావికి పోతుంటే మా వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుతో నాకు అర్థమైంది, నా వంతు ఎంతో దూరంలో లేదని. మా అత్తకూ అర్థమైంది. అప్పటి నుంచి ఆమెకు నిలకడ లేదు, పొద్దున్నే కళ్ళాపి చల్లడం కూడా అవనిచ్చేది కాదు, నన్ను రెక్క పట్టుకుని బావికి లాక్కుపోయేది.

ఈత నేర్చుకునే పిల్లకు వీపు మీద ఎండిన సొరబుర్ర కట్టడం మా వైపు అలవాటు. బాగా ముదిరి ఎండిన సొరకాయ గాలి నిండి తేలికగా ఉంటుంది, ఎంత బరువైన పిల్లనైనా నీళ్ళ మీద నిలబెడుతుంది, లోపల దాని గింజలే గలగలమంటూ ఉంటాయి. మా ఈత బుర్రను అంతకు ముందు రోజే ఎవరో మెట్టు మీద పడేసి పగలగొట్టారు. మా అత్త తొందరలో అటక మీద చెయ్యి పెట్టి తడిమితే ఇంకో బుర్ర దొరికింది. ఊపి చూస్తే గలగలమంది. ముచ్చిక దగ్గర పేడ మెత్తి ఉంటే, పగిలినచోట ఎవరో అతికారనుకుంది. అది మా అవ్వ వచ్చే వానకారుకు విత్తడానికని చిక్కుడు లాంటి అనపగింజలు నాలుగు గుప్పెళ్ళు ఏరి పోసి, పురుగు పట్టకుండా పేడా బూడిదా కలిపి మూసిపెట్టిన విత్తనాల బుర్ర.

అది నాకూ తెలియదు. వీపున బుర్ర బిగించి కట్టి మా అత్త నన్ను మెట్టు నుంచి విడిపించింది. బుర్ర పట్టింది, తేలాను. ఆ రోజు ఎందుకో కొత్త బుర్ర మీద నమ్మకం కలిగింది, చేతులు చాపాను, కాళ్ళు ఆడించాను, బావి నడుముకు వచ్చేశాను. మా అత్త పక్కనే ఈదుతూ వస్తున్నది. కొంతసేపటికి ఆమె నా వీపు వంక చూసి ఏదో అనబోయి ఆగిపోవడం గమనించాను, ఏమిటత్తా అంటే, "ఏమీ లేదు, కాళ్ళు నిలపొద్దు పాపా, ఆడిస్తానే ఉండు" అన్నది. ఆడిస్తూనే పోయి అవతలి గోడ మెట్టు పట్టుకున్నాను. అప్పుడు ఆమె నన్ను తిప్పి వీపున ఉన్న బుర్రను విప్పి చూపించింది. మూతి పేడ కరిగిపోయి, బుర్ర నిండా నీళ్ళు చేరి, గుడగుడమంటూ అనపగింజలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. సగం బావి నుంచీ అది నన్ను మోయలేదు, దాన్ని నేనే మోసుకొచ్చాను.

గట్టు మీద మా అమ్మకు సంగతి తెలియగానే చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. మా అవ్వ మాత్రం నవ్వలేదు. "విత్తనాల బుర్రను బావికి ఎత్తుకుపోయినారే, మీ బుద్ధులు ఏడ మేస్తా ఉండినాయి?" అని సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నది. నానిన గింజ ఇక విత్తడానికి పనికి రాదు కదా. చేతికి దొరికినంత ఏరి, రాత్రంతా నానబెట్టి, మరునాడు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పొట్టు తీసి పితికిపప్పు చేశారు. రాగిసంగటిలోకి మనిషికి నాలుగు బద్దలు వచ్చాయో లేదో. మా అవ్వ తన వంతు కూడా నా పళ్ళెంలోనే వేసి, "తిను, విత్తనం తిన్నదానివి, మొలకెత్తక ఏం చేస్తావు" అన్నది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోటి నుంచి మళ్ళీ నాకు రాలేదు.

ఆ ఎండాకాలం మిగిలిన రోజులు నావి. పొద్దున దిగితే కళ్ళు ఎర్రబడి, వేళ్ళు ముడుతలు పడేదాకా పైకి వచ్చేదాన్ని కాను. మోటారు పైపు పట్టుకుని అడుగుకు పోయి గుప్పెడు బురద తెచ్చి చూపించడం, గట్టు మీది బండ నుంచి దూకడం, అన్నీ చేశాను. వానలు పడకముందే నా వంతూ వచ్చేసింది. ఒకరోజు పొద్దున మా అమ్మ నన్ను బావి దారిలోనే పేరు పెట్టి పిలిచి ఆపి, నా పావడా వంక చూసి, ఇంటికి తీసుకుపోయింది. అంతే. పెళ్ళయి ధర్మపురికి వస్తే ఇక్కడ కొళాయి. చిన్నత్త కోసం నేర్చుకున్న ఈతతో నాకు జీవితంలో పని పడలేదు. పని పడకపోవడం మంచిదేనని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ తమ్ముళ్ళు మీసాలు వచ్చాక కూడా ఆ బావిలో దూకుతుంటే, వాళ్ళ తువ్వాళ్ళు పట్టుకుని గట్టు మీద నిలబడిన నా కడుపులో ఎంత మంట ఉండేదో ఆ సందేశం రాసినాయనకు తెలియదు. మా కాలం పిల్లలు స్వేచ్ఛగా పెరిగారన్న మాట నిజమే, మగపిల్లలు ఆగకుండా పెరిగారు, మేము ఒకరోజు దాకా పెరిగాము.

ఈ వేసవిలో మా కోడలినీ మనవరాలినీ తీసుకుని మా తమ్ముడింటికి పోయాను. పిల్లకు పదహారేళ్ళు. ధర్మపురిలోనే ఈత కొలనులో, ఈల ఊదే మాస్టరు దగ్గర నేర్చుకుంది, దిగేముందు స్నానం, తలకు టోపీ, గంటకు గంట లెక్క. పోయిన వానలు మంచివి కాబట్టి బావిలో నీళ్ళు ఉన్నాయి, మా రోజుల్లో కంటే చాలా మెట్లు కిందికి. వానాకాలం లోపు చుట్టూ ఇనుప కంచె వేయిస్తానని తమ్ముడు అన్నాడు. వేయించమన్నాను. చిన్నత్తను తలుచుకుంటే కంచె వద్దనే నోరు నాకు లేదు. దానికొక తలుపు మాత్రం పెట్టించమన్నాను.

పిల్ల బావి చూసి మొదట జంకింది, కొలనులో కనిపించినట్టు దీంట్లో అడుగు కనిపించదు. తర్వాత దిగింది. దిగాక, "అవ్వా, నువ్వూ రా. ప్లీజ్, ఒకే ఒక తడవ" అని అరిచింది. మోకాళ్ళు పట్టుకుంటూ, గోడ పట్టుకుంటూ, మా కోడలు వద్దువద్దంటుంటే చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దిగాను. ఆఖరి మెట్టు పట్టుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాను, పన్నెండేళ్ళ వయసు నాటి పిరికితనం అంతా తిరిగి వచ్చింది. తర్వాత వదిలాను. నాలుగు బారలు వేశానేమో. కాళ్ళు ఆడాయి. పైకి వచ్చి మెట్టు మీద కూర్చుంటే నీళ్ళు కారుతున్నాయో కళ్ళు కారుతున్నాయో చెప్పడం కష్టం.

మా అత్త ఉండి ఉంటే బాగుండునని అనిపించింది. ఆమె చేయదలచిన పని సగమే జరిగింది, మునిగిపోకుండా ఉండడం మాకు నేర్పింది, ఈదుతూనే ఉండడం మాత్రం ఆమె చేతిలో లేకపోయింది. ఇప్పటి పిల్లలు చెట్టెక్కరు, గడ్డిలారీ ఎక్కరు, చెప్పులు లేకుండా వాకిలి దాటరు, ఆ రుచి వాళ్ళకు ఎట్లా చెప్పాలో నాకు తెలియదు, చెప్పలేక పోతున్నందుకు దిగులుగానూ ఉంటుంది. కానీ ఆ పిల్ల సాయంత్రం దాకా ఆ బావిలోనే ఉంది, ఎండ గోడ మీదికి ఎక్కి గట్టు దాటిపోయింది, మా కోడలు రెండుసార్లు వచ్చి చూసిపోయింది. నేను మెట్టు మీద తడిచీరతో కూర్చునే ఉన్నాను గానీ, పైకి రమ్మని మాత్రం దాన్ని పిలవలేదు.