చరిత్ర సొరుగుతో బెల్లంపల్లికి

మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలు వెతుక్కోవడం విద్యార్థులకు నేర్పడం నా పని. పోయిన వానాకాలం బెల్లంపల్లి బొగ్గుగనుల నుంచి ఇద్దరు కార్మికులు వచ్చారు. ప్రైవేటుగా బి.ఏ. పరీక్షకు కట్టినవాళ్లు. పుస్తకాల వివరాలు రాసిన కార్డుల సొరుగుల ముందు గంటసేపు నిలబడి, ఒక్కదాన్నీ తెరవకుండా, రైలుకు వేళయిందని వెళ్లిపోయారు. అలాంటివాళ్లు అక్కడ తొమ్మిదిమంది ఉన్నారని తర్వాత తెలిసింది. చరిత్ర కార్డుల సొరుగు ఒకటి వాళ్ల దగ్గరికే పట్టుకెళ్లి, ఎవరికి ఏ పుస్తకం కావాలో రాసుకొస్తే పార్సిల్లో పంపవచ్చు అనుకున్నాను. మా గ్రంథాలయ పెద్దాయన ఒప్పుకున్నాడు గాని, "ఒక్క కార్డు తగ్గినా నువ్వు మళ్లీ ఈ గడప ఎక్కొద్దు" అన్నాడు. ఆయన ఉత్తమాట అనే మనిషి కాదు. కార్డు పోతే ఆ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పేది ఇంకేదీ లేదు.

సికింద్రాబాదులో పొద్దున ఆరున్నరకు ప్యాసింజరు. మూడో తరగతి టికెట్టు ఆరు రూపాయల లోపే. వానల్లో కిటికీ పక్కన కూర్చోవద్దు, కాజీపేట దాటాక జల్లు లోపలికి కొడుతుంది. నేను సొరుగును మైనపుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పెద్దపల్లిలో బియ్యం మూటతో ఎక్కిన ముసలామె నా ఎదురుగా కూర్చుంది.

"గా డబ్బాల ఏమున్నది కొడుకా? గట్ల అలుముకున్నవ్?"

"కాగితాలు అవ్వా."

"కాగితాలకు గింత భయమా! నేను నాగుబామనుకున్న."

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గోదావరి వంతెన దాటేదాకా రెండు చేతులూ సొరుగు మీదనే ఉంచాను.

ఒంటిగంటకు బెల్లంపల్లిలో దిగాను. కార్మికుల బస్తీకి రిక్షా అర్ధరూపాయి, పోశవ్వ మెస్సులో భోజనం ముప్పావలా. రెండు గంటలకు ఆ మెస్సులోనే పాఠం. తొమ్మిదిమందీ చేతులు లాగులకు తుడుచుకుని కూర్చున్నారు, ముట్టుకోవడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. కార్డులను పట్టి ఉంచే ఇనుప కంబీ తీసేసి, ఒక్కొక్కరి చేతికి ఒక్కో కట్ట ఇచ్చాను.

"తప్పు కార్డు పట్టుకుంటే ఏమైతది సార్?" అని మల్లేశ్ అడిగాడు. అందరికన్నా చిన్నవాడు.

"ఏమీ కాదు. కార్డు లేకుండా పుస్తకం దొరకదు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి."

మెల్లగా పేర్లు కూడబలుక్కున్నారు, ఒకరి కార్డు ఒకరు లాక్కున్నారు. మూడింటికి సైరను మోగగానే, నాలుగింటి షిఫ్టుకు తయారు కావాలని అందరూ కట్టలు చాప మీద పెట్టి లేచి వెళ్లారు.

సికింద్రాబాదులో బయల్దేరేముందు లెక్కపెట్టినప్పుడు కార్డులు నాలుగు వందల పన్నెండు. ఇప్పుడు నాలుగు వందల మూడు. మూడుసార్లు లెక్కపెట్టాను. చాప ఎత్తి చూశాను.

"ఏం సారూ, మొఖం గట్ల తెల్లవడ్డది?" అంది పోశవ్వ.

"తొమ్మిది కార్డులు పోయాయి."

"మావోళ్లు దొంగలంటున్నవా?"

"నేనట్లా అనలేదు."

"నోటితోని అనలే. కండ్లతోని అంటున్నవ్." చాప చుట్టేస్తూ, "కొమురయ్య లాంపురూముల ఉంటడు. పోయి అడుగు" అంది.

కొమురయ్య పాఠానికి వచ్చినవాళ్లలో ఒకడు, గని పైన దీపాలిచ్చే పని. నేను వెళ్లేసరికి లాంపురూము కిటికీ ముందు కార్మికులు బారుగా నిలబడ్డారు. ఒక్కొక్కరూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తున్నారు. కొమురయ్య దాన్ని మేకుకు తగిలించి దీపం ఇస్తున్నాడు. నేను అడగ్గానే చొక్కా జేబులోంచి రుమాలు మడత తీశాడు. అందులో కార్డు.

"ఎందుకు తీసుకున్నావు?"

"మీరే అంటిరి గద సార్, కార్డు లేకుంటే బుక్కు దొరకదని. బిళ్ళ ఇస్తేనే లాంపు. కార్డు ఇస్తేనే బుక్కనుకున్నం. ఎవలకు కావల్సింది వాళ్లు దగ్గర పెట్టుకున్నం."

కిటికీలోంచే కేకేశాడు. బారులోంచి ఏడుగురు వచ్చి కార్డులిచ్చారు. మల్లేశ్ అప్పటికే లోపలికి దిగాడు. కొమురయ్య ఒక మేకు చూపించాడు. "బిళ్ళ గీడ ఉన్నంతసేపు మనిషి లోపల్నే. రాత్రి పన్నెండింటికి పైకొస్తడు. పొద్దుగాల స్టేషన్‌కు పంపుత, ఫికర్ చెయ్యకుర్రి."

"లోపల నీళ్లుంటాయంటారు. కార్డు తడిస్తే?"

బారులో ఎవరో అన్నారు: "కార్డు పైలం! మల్లేశ్‌గాడిని దేవుడు సూస్కుంటడు తియ్."

ఎవరూ నవ్వలేదు. నేను తలవంచుకుని మెస్సుకు వచ్చాను. సైరను వేళ కాని వేళ మోగితే అర్థమేమిటని పోశవ్వను అడిగాను. "గా సంగతి అడుగకు" అంది. అప్పటిదాకా కార్డు కోసం భయపడ్డాను. ఆ తర్వాత భయం మల్లేశ్ కోసం. నిద్ర పట్టలేదు.

తిరుగు రైలు పొద్దున ఎనిమిదికి. సిగ్నలు పడింది, ఎవరూ రాలేదు. ఇంజను కనబడ్డాక మల్లేశ్ పరుగెత్తుకొచ్చి సద్దిగిన్నె మూత తీశాడు. కాగితం మడతలో కార్డు, పొడిగా ఉంది.

"నా బిళ్ళ నేను తీసుకున్న సార్. మీ కార్డు మీరు తీసుకోర్రి."

పాఠంలో గంటసేపు గ్రంథకర్త పేరు, పుస్తకం నంబరు, అర అన్నీ చెప్పాను. చూశాక కార్డును సొరుగులోనే వదలాలని మాత్రం చెప్పలేదు. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి, చెప్పాలని తోచలేదు. వాళ్లు తమ పనిలో నేర్చుకున్నదే ఇక్కడా చేశారు, అందులో తప్పు లేదు. తప్పు నాది, అనుమానం కూడా నాదే. పుస్తకాలు తొమ్మిదీ ఆ వారమే పార్సిల్లో వెళ్లాయి.

ఈ పని మీద గనుల వైపు వెళ్లేవారికి ఒక మాట. కంబీ తీయకముందే అందరి చేతుల్లో ఖాళీ చీటీలు పెట్టండి. కావలసిన పుస్తకం నంబరు చీటీ మీద రాసుకోమనండి. చీటీ వాళ్లది, కార్డు సొరుగుది అని చెప్పిన తర్వాతే పాఠం మొదలుపెట్టండి.