మామకు పట్టించిన మామిడి అచారు

ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొత్తలో మా లంబాసా వైపు ఒక పుస్తకం చదివినవాళ్లు పండితులు, రెండు చదివినవాళ్లు డాక్టర్లు. (నేను అప్పటికే మూడు చదివాను.) చెరకు తోటల మధ్య పెరిగిన నాకు సముద్రమంటే లైబ్రరీలోని బొమ్మల పుస్తకమే. జెల్లీచేప తన తీగల్లోని విషంతోనే వేటాడుతుందనీ, పగడాలు చోటు కోసం పక్క పగడాన్ని కుడతాయనీ ఇంట్లో వల్లించేదాన్ని. "గట్టు తగాదా అన్నమాట, మన వునిమోలి తోటల్లో లాగే" అనేవాడు మేనమామ. విషపు చేతులున్న సముద్రపు పువ్వులో ఒక చిన్న చేప భద్రంగా కాపురం చేస్తుందంటే, "ఇల్లరికపుటల్లుడు" అనేవాడు. (ఆయనకు అనుభవం ఉంది.)

ఒక ఆదివారం అందరం లారీలో సముద్రానికి వెళ్లాం. మోకాలి లోతు నీళ్లలో రాళ్ల మీద నడుస్తున్న మామ, "అరే బాప్ రే! హమ్ మర్ గయా!" అని కేకేశాడు. పిక్క మీద ఎర్రటి చారలు. "పెట్టె జెల్లీచేప! నిమిషాల్లో ప్రాణం తీస్తుంది!" అని ప్రకటించాను. అత్త ఇసుకలో కూలబడి ఏడుపు అందుకుంది. పుస్తకం వెనిగర్ పొయ్యమంది. వెనిగర్ లేదు. కానీ వెనిగర్ పులుపే కదా, అమ్మ రొట్టెల్లోకి తెచ్చిన మామిడి అచారూ పులుపే కదా! సీసాడు రసం పిక్క మీద పోశాను. మామ గాల్లోకి ఎగిరాడు. "చూశారా, విషం పైకెక్కుతోంది!" అని ముక్కలు కూడా వేసి రుద్దాను.

దగ్గర్లో గవ్వలు ఏరుకుంటున్న ఫిజియన్ పెద్దమ్మ పరుగున వచ్చి వాసన చూసింది. "ఓయిలే! ఈయన్ని రొట్టెతో తింటారా ఏమిటి?" అని మేం మాట్లాడే ఫిజీ హిందీలోనే అడిగింది. సముద్రపు నీళ్లతో కాలు కడిగి, చారలు పరీక్షగా చూసి, "మంట పగడం తగిలింది. మా అందరికీ తగిలేదే. నాలుగు రోజులు దురద, అంతే. ఈ గంతులు మాత్రం మీ మిరపకాయవి" అంది.

"అయితే నేను బతుకుతానా, బెహన్?"

"చింతా మత్ కరో. బతుకుతావు."

నేను అక్కడే చతికిలబడ్డాను. అత్త కళ్లు తుడుచుకుంది, ఖాళీ సీసా చూసింది, "మొత్తం పోసేసిందే పిల్ల!" అంది. మామే ముందు నవ్వాడు.

ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్లు బతికి, ప్రతి పెళ్లిలోనూ నన్ను "ఊరగాయ పెట్టిన మేనకోడలు" అని పరిచయం చేసేవాడు, "మామిడికాయని కాదు, నన్ను." అప్పుడు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు అలా పరిచయం చేసేవారు లేక, నా అంతట నేనే చెప్పుకుంటున్నాను.