స్టాండుకి తగిలించిన పెళ్లికొడుకు

ఆ రోజుల్లో ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు చూపించేదని నా గట్టి నమ్మకం. అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం. కోచింగ్ సెంటర్ల సందులో ఒక ఫొటో స్టూడియోలో, రిసెప్షన్ బల్ల దగ్గర నా మొదటి ఉద్యోగం. నేను బడి మొహం చూడలేదు. మా అమ్మే నా బడి, అమ్మే పరీక్ష, బెత్తమూ అమ్మే. (ఆ బెత్తం ఒక్కసారీ నా మీద పడలేదు. దాన్ని చూస్తేనే ఎక్కాలు వచ్చేసేవి.) "అబద్ధమాడే పని పడితే ఆ రోజే మానేసి ఇంటికొచ్చెయ్యాలి" అన్న షరతు మీద పంపింది. తీరా వెళ్తే, అక్కడ మేకుకి ఒక నల్లకోటు వేలాడుతోంది. ఉద్యోగాల కోసం ఫొటో దిగే వాళ్ళందరికీ అదొక్కటే కోటు. బక్కవాళ్ళకి వదులైతే వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాళ్ళు. "ముంగట మంచిగుంటె చాలు బిడ్డా, ఎనక ఎవరు చూస్తరు?" అనేవారు ఓనర్ భాయ్. దేవుడు చూస్తాడు కదా అని నా గుబులు.

ఇంతలో బంజారా హిల్స్ నుంచి ఒక మేడమ్ వచ్చారు. గ్యాలరీల్లో ఫొటోలు పెట్టే ఆవిడ. ఒకే అమ్మాయికి ఎనిమిది బతుకులు తొడిగి ఫొటోలు తియ్యాలట. "లోపల అసలు మనిషంటూ ఎవరూ ఉండరు, అన్నీ వేషాలే" అన్నారు. (మరి లోపల కొట్టుకుంటున్న ఈ గుండె ఎవరిదో అడగాలనిపించింది. అడగలేదు.) భాయ్ నన్ను చూపించి, "గీ బిడ్డ ఉన్నది గద మేడం!" అనేశారు. అలా నేను డాక్టర్నయ్యాను, పోలీసునయ్యాను, లాయర్నయ్యాను. ప్రతి వేషం బట్టనీ ముందు కళ్ళకద్దుకుని, కెమెరా క్లిక్కుమనేదాకా క్షమాపణగా గోవింద నామాలు చదువుకున్నాను. ఆఖరిది పెళ్లికూతురు. వరుడు దొరకలేదు. ఆ నల్లకోటునే లైటు స్టాండుకి తగిలించి, భుజం ఒక్కటే కనబడేలా నా పక్కన నిలబెట్టారు. "ఆ శూన్యమైన చూపు అద్భుతం!" అన్నారు మేడమ్.

అక్కడితో అయిపోతే బాగుండేది. మేడమ్ ఇచ్చిన కాపీలన్నీ భాయ్ మురిసిపోయి, రోడ్డు వైపు అద్దాల షోకేసులో పెట్టేశారు. ఆ సాయంత్రమే అమ్మ, "రేపు పంజాగుట్ట గుడికెళ్ళి, అటునుంచి మీ స్టూడియో చూసొస్తా" అంది. నాకు అన్నం సహించలేదు. పొద్దున్నే వెళ్ళి ఆ ఒక్క రోజుకి ఫొటోలు తీసెయ్యమని బతిమాలితే భాయ్, "ఎందుకు బిడ్డా? మస్తు గిరాకి వస్తున్నది" అన్నారు.

అమ్మ వచ్చింది. షోకేసు ముందే ఆగిపోయింది.

"ఏంటే ఇది? నీ పక్కన ఈ మగాడెవరు?"

"మనిషి కాదమ్మా, కోటు!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను, చూపిద్దామని. మేకు ఖాళీగా ఉంది. సరిగ్గా అప్పుడే ఫొటో దిగి, తల నున్నగా దువ్వుకున్న ఒక కోచింగ్ విద్యార్థి అదే కోటులో గదిలోంచి బయటికొచ్చి, అమ్మని చూసి వినయంగా "నమస్తే ఆంటీ" అన్నాడు.

"ఇతను కాదమ్మా! ఇతని కోటు!" అని అరిచాను. పాపం, అతను బెదిరిపోయి వెనక్కి తిరిగాడు. వీపు మీద నాలుగు క్లిప్పులు.

భాయ్ పరుగున వచ్చారు. "అమ్మా, జర ఫికర్ చెయ్యకుండ్రి. గా కోటు మా స్టూడియోదే. దినాం ఎంతమందో ఏస్కుంటరు. మీ బిడ్డ బంగారం."

అమ్మ మళ్ళీ బయటికెళ్ళి ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను.

"డాక్టరు, పోలీసు, లాయరు... వీళ్ళందరికీ ఏం కష్టమొచ్చిందే? అందరూ గోవింద నామాలే చదువుతున్నారు!" అంది. పెదవులు చూసి పట్టేసింది. ఆ నామాలు నాకు నేర్పింది తనే కదా. "ఇంత భయపడేదానికి అబద్ధం చేతకాదులే. ఉద్యోగం చేసుకో. ఆ పెళ్లికొడుకుని మాత్రం తీసెయ్యమను."

ఆ ఎనిమిదింటిలో పోలీసు ఫొటో ఒక్కటి ఇప్పటికీ నా పూజగదిలో ఉంది. లాఠీ పట్టుకుని బిక్కచచ్చిన ఆ పిల్లని చూస్తే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది. ఆ పెదవులు ఏ నామం దగ్గర ఆగాయో నాకు తెలుసు. రోజూ దీపం పెట్టాక అక్కడినుంచి అందుకుని, మిగతావి నేను పూర్తి చేస్తుంటాను.