మేట్రనమ్మ నోట ‘మీరు’

మా మేట్రనమ్మ పోయింది. పాత హాస్టల్ గ్రూపులో ఆ మెసేజ్ చూసేటప్పటికి నేను తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతున్నాను. వెనకవాళ్లు తోసుకుంటూ పోతుంటే గోడకు ఆనుకుని మళ్లీ మళ్లీ చదివాను. స్టవ్ మీద చాయ్ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, అలాగే పోయిందట. ఏడుపొచ్చింది. దాంతోపాటే ఇంకో మాట కూడా మనసులోకి వచ్చింది: ఇప్పుడు నాకెవరు చెప్తారు?

ఆమెను ‘గారు’ లేకుండా, ‘పోయింది’ అని రాస్తున్నందుకు పెద్దలెవరైనా నొచ్చుకుంటే మన్నించాలి. గారు పెడితే ఆమె ఒప్పుకోదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

యూనివర్సిటీలో మా లేడీస్ హాస్టల్‌కి ఆమె మేట్రన్. గేటు పక్కన గది, గది ముందు ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఆమె. మేము పుస్తకాలు చదివేవాళ్లం, ఆమె మమ్మల్ని చదివేది. లేటుగా వచ్చి ఏదో కథ చెప్పబోతే చేత్తో ఆపేది. “అబద్ధం చెప్పేటిది గేటు కాడ్నించే షురూ చేస్తది. నిజం చెప్పేటిది ముందుగాల మంచినీళ్లు తాగుతది,” అనేది. ఆ మాట విన్నాక అబద్ధాలవాళ్లంతా ముందు మంచినీళ్లు తాగడం మొదలుపెట్టారు. అదీ ఆమెకు తెలుసు. “ఈ నడుమ హాస్టల్ల దూపలు ఎక్కువైనయి,” అని ఊరుకునేది.

“ప్రేమల పడ్డ పిల్లను పట్టుడు ఎంత పని? బకెట్ నిండి పొర్లుతుంటది, నల్లా బంద్ చెయ్యదు.” ఇది ప్రేమ సంగతి. డబ్బు సంగతికొస్తే, “పైసలున్న పిల్ల తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకొని తిరుగుతది. లేని పిల్లకే కొత్త చెప్పులు కావాలె, పాపం,” అనేది. ఆ ‘పాపం’ దగ్గర గొంతు మారేది. మంచితనాన్ని కూడా వదల్లేదు. “నేను చాన మంచిదాన్ని అని చెప్పుకునేదానితోని రూం పంచుకోకు. నీ మంచికే అని నీ కిటికీ మూస్తది.” నా గురించి మాత్రం ఒకటే మాట. “నీకు భయపడనీకి ఏం దొరక్కపోతే భయమైతదే.” నిజమే. రిజల్టు రాకముందు ఫెయిలవుతానని, పాసయ్యాక అది వేరేవాళ్ల నంబరేమోనని భయపడిన మనిషిని నేను.

అయితే మేమంతా హడలిపోయేది ఆమె తిట్లకు కాదు, మర్యాదకు. నచ్చినవాళ్లను ‘ఏందే’, ‘ఏందిరా’ అనేది. ఇంకా నమ్మకం కుదరనివాళ్లకు ‘మీరు’. “మీరు అంటే బయట కుర్చీ ఏసినట్టు. నువ్వు అంటే వంటింట్లకి రమ్మన్నట్టు,” అని తనే చెప్పింది. మా నాన్న మొదటిసారి ఊరి నుంచి వచ్చినప్పుడు “కూసోండి సార్” అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నలో ఏం తప్పు కనిపెట్టిందో అని ఒకటే బెంగ. ఇంకోసారి వచ్చినప్పుడు ఆయన వంగి, కదులుతున్న ఆమె కుర్చీ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టాడు. “అన్నా, ఇన్ని దినాలు యాడున్నవ్ నువ్వు?” అంది. నా ప్రాణం కుదుటపడింది.

రిటైరయ్యాక ఆమె తార్నాకలోనే ఒక ఫ్లాట్‌లో ఉండేది. నేను వారాసిగూడలో గది తీసుకుని దగ్గర్లోని ఒక ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరాను. సెలవొస్తే ఆమె దగ్గరికే. ఆమె పోవడానికి ముందు ఆదివారం, నన్ను పెళ్లి చేసుకుంటానన్న మనిషిని కూడా తీసుకెళ్లాను. మా ల్యాబ్‌లోనే పనిచేస్తాడు. వాళ్లది భీమవరం వైపు, పెద్దవాళ్లెదురైతే మాట మాటకీ ‘అండి’. మా ఇంట్లో సరేనన్నారు, వాళ్లింట్లోనూ సరేనన్నారు. తేల్చుకోలేనిది నేనే. మరుసటి ఆదివారం వాళ్ల అమ్మానాన్నలు మాట్లాడటానికి వస్తామన్నారు. ఈలోపు ఔనో కాదో చెప్పాలి. మేట్రనమ్మ ఒక్కసారి చూసి ఒక్క మాట అంటే చాలనుకున్నాను.

ఆమె చాయ్ ఇచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. “తీసుకోండి సార్,” అంది. కుర్చీ బయటే పడిందన్నమాట. “డ్యూటీ ఎట్లున్నది సార్? మీ అమ్మగారు మంచిగున్నరా?” అమ్మగారట! వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆమె చెవి దగ్గర “ఎట్లున్నడమ్మా?” అని అడిగితే, “మళ్ల వచ్చినప్పుడు చెప్త పోవే,” అని నవ్వింది. ఇతనేమో మెట్లు దిగుతూ “ఎంత మర్యాదస్తురాలు!” అని మురిసిపోయాడు.

కిందికి వచ్చాక హెల్మెట్ మర్చిపోయానని మళ్లీ పైకి పరిగెత్తాడు. దిగి వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది. ఏమైందంటే “ఏం లేదు” అన్నాడు. వారాసిగూడలో నన్ను దింపి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆమె ఏదో గట్టిగానే అని ఉంటుంది, కుదరదని మొహం మీదే చెప్పి ఉంటుంది అనుకున్నాను. ఫోన్ చేసి అడగడానికి ధైర్యం చాల్లేదు. అంతలోనే ఆ మెసేజ్ వచ్చింది.

ఆమెను చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు నేను చూసింది ఆమె పెదవులనే. చెప్తనన్నవ్ గదా, చెప్పకుండనే పోతివి అని లోపల్లోపల కొట్లాడాను.

శనివారం సాయంత్రం క్యాంపస్‌లో పాత హాస్టల్ పిల్లలమంతా కలిశాం. గేటు దగ్గర ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే ఆమె ఫోటో పెట్టి దండ వేశారు. అతనూ వచ్చి కాస్త దూరంగా బండి దగ్గర నిలబడ్డాడు. తెల్లారితే ఆదివారం. ఇక దాచలేక వెళ్లి చెప్పేశాను.

“నేను వద్దంటనేమో.”

“ఎందుకు?”

“ఆమె నిన్ను మీరు అన్నది.”

అతనికి అర్థం కాలేదు. కుర్చీ సంగతీ, వంటిల్లు సంగతీ, మా నాన్న సంగతీ అన్నీ చెప్పాను. వింటూ హెల్మెట్ బెల్టు సాగదీస్తూ నిలబడ్డాడు.

“చెప్పకూడదనుకున్నాను,” అన్నాడు చివరికి. “ఆవేళ పైకి వెళ్తే ఆవిడ నన్ను తిట్టారు.”

“ఏమని?”

“పోయినావిడ గురించి ఇప్పుడెందుకులే.”

“చెప్పు.”

“‘ఏందిరా, నెత్తికి పెట్టుకునేదే మర్చిపోతివి, రేపు మా పిల్లను యాడ మర్చిపోయొస్తవ్’ అన్నారు. మా అమ్మ కూడా కోపం వస్తే తప్ప నన్ను ఏరా అనదు. మొదటిసారి చూసిన మనిషిని పట్టుకుని అంత మాటా! నువ్వు బాధపడతావని మింగేశాను.”

దండ వేసిన ఫోటో అక్కడే ఉందని కూడా మర్చిపోయి గట్టిగా నవ్వేశాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను.

“ఇంకేమన్నది?”

“ఇంకేముంది, ‘మెల్లగ తోల్కపోరా’ అని తలుపేసుకున్నారు.”

“ఇంకోసారి చెప్పు.”

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఆ కంగారులో నాకు కూడా అండి తగిలించాడు. “‘మెల్లగ తోల్కపోరా’ అన్నారండి.”

భయం పోయిందని చెప్పను. భయం లేకపోతే నాకు భయమైతదని ఆమెకు తెలుసు. వెళ్లి అతని వెనక కూర్చుని, రేపు మీ వాళ్లను రమ్మను అన్నాను. బండి హాస్టల్ గేటు దాటి తార్నాక వైపు తిరిగింది. అతను నిజంగానే ఎంతో మెల్లగా తోలాడు. సిటీ బస్సులు, ఆటోలు హారన్ కొట్టుకుంటూ ఒక్కొక్కటే మమ్మల్ని దాటిపోయాయి.