ఆరడానికీ ఒక గీత

నిన్న పెరంబూరు నుంచి పెయింటరు మామ ఫోను చేశాడు. "మన సారు పోయినారు పాపా" అన్నాడు. రైలు పెట్టెలకు సీట్లు చేసే చిన్న వర్క్‌షాపులో మా ప్లానింగ్ సారు ఆయన. ఏడ్చాను. అయినా ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లంతా హుషారే.

మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. డిప్లొమా కాగానే మూడు నెలల ప్రొబేషన్ మీద అక్కడ చేరాను. పనుల పట్టిక నీటుగా రాసి ఇస్తే సారు మడిచి నా చేతికే ఇచ్చేశారు.

"ఇది నీకు తెలుస్తుంది. వెల్డరుకు తెలుస్తుందా? గోడ మీద గియ్యమ్మా. పని కంటికి కనబడాలి."

నల్ల రంగు పూసిన గోడ. పైన తేదీలు, పక్కన పనుల పేర్లకు బదులు బొమ్మలు: బ్రష్షు, సూది, లారీ. ఎన్ని రోజుల పనైతే అంత పొడుగు, సన్నని పెట్టెలాంటి గీత; పని అయిపోయాక దాన్ని సుద్దతో నింపాలి. మా నాన్న కూడా దీన్ని చదవగలడనిపించి సంతోషం పట్టలేకపోయాను. సారు రోజూ పొద్దున టీ గ్లాసుతో దాని ముందు నిలబడేవారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

ఆ వానాకాలం అరవై సీట్ల ఆర్డరు వచ్చింది. చెప్పిన రోజుకు పంపకపోతే ఆర్డరూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. పెయింటు గీత ముగిసిన మర్నాటి నుంచే కుషన్ల గీత మొదలుపెట్టాను.

పెయింటరు మామ పకపకా నవ్వాడు. "ఏం పాపా, ఈ వానలో పెయింటు నీకు భయపడి ఆరిపోతాదా? రెండు దినాలు కావాల."

"ఆరేటప్పుడు ఎవరూ పని చెయ్యరు కదా సార్, అందుకే గియ్యలేదు" అన్నాను పక్కనే ఉన్న సారుతో, తల వంచుకుని.

"ఎవరూ చెయ్యకపోయినా రోజులు పోతాయి కదమ్మా. దానికీ ఒక గీత గియ్యి."

గీశాను. లారీ గీత చెప్పిన తేదీ దాటి రెండు రోజులు అవతలికి జరిగింది. సారు మామను గోడ దగ్గరికి లాక్కొచ్చారు. "చూడయ్యా, ఎక్కడ ఖాళీ ఉంది?"

మామ గోడ మీద వేలు నడిపించాడు. "ఇదేంది సార్, వెల్డింగు అయ్యేదాకా నేను ఊరికే కూర్చోనుండానే! ఇరవై కాంగానే ఈడికి పంపమనండి, పూసేస్తా. అవి ఆరేలోపల తక్కినవి వస్తాయి."

గబగబా చెరిపి, ఇరవై సీట్లకు ఒకటి చొప్పున ఒక్కో గీతను మూడు ముక్కలు చేశాను. అవి మెట్లలా దిగుతూ వచ్చాయి. లారీ మళ్లీ పాత తేదీకే వచ్చేసింది! "సార్, సరిపోయింది!" అని అరిచాను. వెల్డర్లు ఈలలు వేశారు.

ఇప్పుడు కోడంబాక్కంలో, భవనాలు కట్టే ఆఫీసులో కంప్యూటరు మీద ఇవే గీతలు గీస్తున్నాను. ప్రింటు తీయగానే మేస్త్రీ ముందు పరిచి, ఖాళీ ఎక్కడుందో చూపించమంటాను.

ఆ సీట్లు చెప్పిన రోజునే వెళ్లాయి. నా ఉద్యోగమూ ఖాయమైంది. టార్పాలిన్ కప్పిన లారీ వానలో మలుపు తిరగగానే అందరం లోపలికి పరుగెత్తాం. సారు చాక్‌పీసు మామ చేతిలో పెట్టారు. పలకైనా పట్టి ఎరగని మనిషి, బ్రష్షు ఆడించినట్టు పైకీ కిందికీ రుద్దుతూ లారీ గీతను తెల్లగా నింపేస్తున్నాడు. సుద్దపొడి రాలి సారు కళ్లద్దాల మీద పడుతోంది. ఆయన తుడుచుకోవడం లేదు, నవ్వుతున్నారు.